తిరుపతి నుంచి ఒక్క రోజులో పులికాట్: ఫ్లెమింగోలను కళ్ళారా చూసి రావాలంటే

కార్తీకం వెళ్ళిందంటే చాలు, మాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, సూళ్ళూరుపేటకి ఎప్పుడు పోతే పక్షులు కనపడతాయి?" "పోయినేడు పోయినాం, నేలపట్టు పక్షుల కేంద్రమంతా తిరిగినాం, ఒక్క ఫ్లెమింగో కూడా లేదు, ఎందుకని?" "పసిపిల్లలతో పోవచ్చా?" ఏటా ఇవే ప్రశ్నలు. విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే అందరికీ పనికొస్తుందని కూర్చున్నాను.

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్ళూరుపేట నెల్లూరు నుంచి మన జిల్లాలోకి వచ్చింది. ఒడిశాలోని చిల్కా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. దాన్ని ఆనుకుని ఉన్న ఊరు ఇది. కొండకు వచ్చిన చుట్టాలను కాణిపాకం, శ్రీకాళహస్తి తిప్పి పంపేస్తాం కానీ, రెండు గంటల దూరంలో ఇంత నీరు, ఇన్ని రెక్కలు ఉన్నాయని చాలామందికి తట్టదు. ఒక్కసారి చూసినవాళ్ళు మాత్రం మళ్ళీ వెళ్ళకుండా ఉండలేరు.

ముందుగా సర్దుకోవలసినవి

- బైనాక్యులర్. ఇది లేకుండా వెళ్ళకండి. పక్షులు చాలాసార్లు అర కిలోమీటరు దూరంలో ఉంటాయి. 8×42 రకం, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. కొనలేకపోతే ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. నలుగురికి ఒకటైనా చాలు.
- టోపీ, తాగే నీళ్ళు మనిషికి రెండు లీటర్లు. సరస్సు రోడ్డు మీద నీడ దాదాపు ఉండదు.
- ముదురు ఆకుపచ్చ, మట్టి రంగు బట్టలు. పండుగ బట్టలు, తెల్ల చొక్కాలు ఈ ఒక్క రోజుకు పక్కన పెట్టండి.
- తెల్లవారుజామున చలిగాలికి ఒక శాలువా, పిల్లలకు స్వెటర్. ఎండ ఊరు కదా అని వదిలేసి వెళ్ళి వణికినవాళ్ళను చూశాను.
- చిల్లర డబ్బులు. నేలపట్టులో టికెట్టుకు, ఆటోకు, టీకి.
- చిన్న నోటుపుస్తకం, పెన్సిల్. దీని పని చివర్లో చెబుతాను.

డ్రోన్ తీసుకెళ్ళకండి. రాకెట్ కేంద్రం పక్కనే ఉంది, పైగా అది పక్షుల రక్షిత ప్రాంతం. ఆ రెండు కారణాలూ చాలు.

1. తేదీ సరిగ్గా ఎంచుకోండి

సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. అక్టోబరు నుంచి మార్చి వరకు పక్షుల కాలం అని అందరూ చెబుతారు. అది నిజమే కానీ ఆ ఆరు నెలలూ ఒక్కలా ఉండవు. ఈ సరస్సు లోతు తక్కువ. ఈశాన్య రుతుపవనాల వానలకు నిండుతుంది, ఎండాకాలానికి ఉత్తర భాగం చాలావరకు ఎండి బీటలు వారుతుంది. ఫ్లెమింగోకు మోకాలి లోతు నీళ్ళు కావాలి. మునిగిపోయేంత నీరున్నా రాదు, నీరే లేకపోయినా రాదు.

అందుకని నేను పాటించే లెక్క ఇది. నవంబరు, డిసెంబరులో తుపాన్లు వచ్చి వానలు గట్టిగా పడితే జనవరి నెలాఖరు దాకా ఆగండి. నీరు తగ్గి రోడ్డుకు దగ్గరగా మడుగులు ఏర్పడతాయి, పక్షులూ దగ్గరికి వస్తాయి. వానలు తక్కువైన ఏడైతే డిసెంబరులోనే వెళ్ళిపోండి, ఫిబ్రవరికి నీళ్ళు ఉండకపోవచ్చు. వెళ్ళే ముందు సూళ్ళూరుపేటలో తెలిసినవాళ్ళుంటే "రోడ్డు పక్కన నీళ్ళున్నాయా?" అని ఒక్క మాట అడగండి. పక్షులున్నాయా అని అడిగితే అందరూ ఉన్నాయనే అంటారు. నీళ్ళ గురించి అడిగితేనే అసలు సంగతి తెలుస్తుంది.

మరో మాట. శీతాకాలంలో సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరుపుతుంటారు, 2025లో జనవరిలో జరిగింది. దుకాణాలు, పాటలు, ఆటలు, పడవలతో పిల్లలకు సందడిగా ఉంటుంది. అది చూడాలనుకుంటే అప్పుడే వెళ్ళండి. పక్షులను నిదానంగా చూడాలనుకుంటే మాత్రం ఆ రోజులు వదిలి, మామూలు మంగళవారమో బుధవారమో పెట్టుకోండి. ఆదివారాలు కూడా రద్దీయే.

రాకెట్ ప్రయోగం ఉన్న రోజునా పక్షుల కోసం వెళ్ళవద్దు. ప్రయోగం చూడాలంటే దానికి వేరే ఏర్పాటు ఉంది. శ్రీహరికోటలో 2019లో జనం కోసం గ్యాలరీ తెరిచారు. ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుని, గుర్తింపు కార్డుతో వెళ్ళాలి. ఆ రోజంతా దానికే సరిపోతుంది. ఒకే రోజు రెండూ చూద్దామనుకుంటే ట్రాఫిక్‌లో రెండూ పోతాయి.

2. దారి, బయలుదేరే వేళ

సొంత బండి అయితే తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట, అక్కడి నుంచి చెన్నై వైపు తిరిగి జాతీయ రహదారి మీద దొరవారిసత్రం, సూళ్ళూరుపేట. వంద కిలోమీటర్లకు కాస్త అటూఇటూగా ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే ఆరుకల్లా సూళ్ళూరుపేట చేరతారు. డిసెంబరు, జనవరిలో అక్కడ సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. మంచు పట్టిన రోజుల్లో నాయుడుపేట దగ్గర తొందరపడకండి. ఆగి ఉన్న లారీలు దగ్గరికి వచ్చేదాకా కనిపించవు.

దారిలో ముందు నేలపట్టు మలుపు వస్తుంది, సరస్సు తర్వాత వస్తుంది. "ముందు వచ్చింది ముందు చూద్దాం" అని చాలామంది నేలపట్టులో దిగిపోతారు. అలా చేయకండి. ముందు సరస్సు, తిరిగి వచ్చేటప్పుడు నేలపట్టు. దానికి కారణం ఉంది. ఎండ ముదిరితే సరస్సు మీద గాలి వేడెక్కి ఎండమావిలా ఆడుతుంది. దూరంలో ఉన్న పక్షి బైనాక్యులర్‌లో కూడా వణుకుతూ, మసకగా కనిపిస్తుంది. తొమ్మిదిన్నర దాటాక సరస్సు మీద చూపు ఆనదు. నేలపట్టులో అలా కాదు. గూళ్ళు చెట్ల మీద, మనకు దగ్గరలో ఉంటాయి. పదకొండింటికైనా అక్కడే ఉంటాయి.

బస్సులో వెళ్ళేవాళ్ళు తిరుపతి బస్టాండులో సూళ్ళూరుపేట బస్సు ఎక్కండి. నేరుగా దొరకకపోతే నాయుడుపేటలో మారండి. రైలు మన దిక్కు నుంచి గూడూరు చుట్టి రావాలి, పనికి రాదు. చెన్నైలో ఉన్న మీ పిల్లలు మాత్రం లోకల్ రైల్లోనే సూళ్ళూరుపేట దాకా వచ్చి మిమ్మల్ని కలుసుకోవచ్చు. బస్సులో వెళితే తెల్లవారేసరికి సరస్సు చేరడం కష్టం కనక, ముందు రోజు రాత్రి సూళ్ళూరుపేటలో లాడ్జిలో పడుకోవడం మేలు.

ఉదయం కుదరనివాళ్ళకు ఇంకో మార్గం ఉంది. మధ్యాహ్నం పన్నెండింటికి బయలుదేరి, రెండున్నరకు నేలపట్టు, నాలుగున్నరకు సరస్సు. ఎండ చల్లబడ్డాక చూపు మళ్ళీ బాగుంటుంది. ముసలివాళ్ళతో వెళ్ళేవాళ్ళకు నేను ఇదే చెబుతాను.

3. సూళ్ళూరుపేటలో ఓ పది నిమిషాలు

కాళంగి నది ఒడ్డున చెంగాళమ్మ గుడి ఉంది. రాత్రీపగలూ తలుపులు మూయని గుడి అది. అందుకే తెల్లవారుజామున వచ్చినా అమ్మవారి దర్శనం దొరుకుతుంది. రాకెట్ ప్రయోగాలకు ముందు ఇస్రో పెద్దలు ఇక్కడికి వచ్చి పూజ చేయించుకోవడం మనం పేపర్లలో చూస్తూనే ఉంటాం. దండం పెట్టుకుని, టీ తాగి, బాత్రూమ్ పని ఇక్కడే ముగించుకోండి. ముందుకు వెళితే సదుపాయాలు తక్కువ. ఆడవాళ్ళు, పిల్లలు ఉంటే ఇది మరీ ముఖ్యం.

బస్సులో వచ్చినవాళ్ళు ఆటో ఇక్కడే మాట్లాడుకోవాలి. "సరస్సు దాకా" అని కాకుండా "సరస్సు రోడ్డు మీదున్న అటకానితిప్ప దాకా పోవాలి, దారిలో ఐదారుచోట్ల ఆపాలి, రెండు గంటలు ఉండి తిరిగి రావాలి" అని మొదటే చెప్పండి. ఆపే సంగతి ముందే మాట్లాడకపోతే మధ్యలో మాట తేడా వస్తుంది.

4. సరస్సు రోడ్డు మీద

మీరు వచ్చింది దీనికే. మిగతావన్నీ తొందరగా ముగించినా ఇక్కడ మాత్రం నిదానించండి.

సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు సుమారు 18 కిలోమీటర్లు. అందులో చాలా దూరం రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. ఇటూ నీరే, అటూ నీరే, లేదంటే తడి బురద. చివర్లో షార్ గేటు వస్తుంది. సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రానికి అక్కడివాళ్ళు వాడే పేరు అదే. అనుమతి లేనివాళ్ళు లోపలికి వెళ్ళకూడదు. గేటు దగ్గర ఫోటోలు తీయకండి, చాలా ముందే వెనక్కి తిరిగేయండి. సరస్సుకు అవతల పొడవుగా పరుచుకున్న ఆ శ్రీహరికోట దీవే పులికాట్‌కూ బంగాళాఖాతానికీ మధ్య అడ్డుగోడ. అది లేకపోతే ఈ నిలకడ నీరూ ఉండదు, పక్షులూ ఉండవు.

ఎలా చూడాలంటే:

ముందు రోడ్డుకు ఉత్తరం వైపు చూడండి, అంటే శ్రీహరికోటకు వెళ్ళేటప్పుడు మీ ఎడమ చేతి వైపు. చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణం వైపే నడుస్తాడు. ఉత్తరానికి చూస్తే ఎండ మీ వీపు వైపు నుంచి పడుతుంది, పక్షి రంగు తేటగా తెలుస్తుంది. దక్షిణానికి చూస్తే అన్నీ నల్లటి నీడలే. "గులాబీ రంగే కనిపించలేదు" అని బాధపడేవాళ్ళలో సగం మంది ఎండకు ఎదురుగా చూసినవాళ్ళే.

బండి ముప్పై దాటకుండా నడపండి. ఒకరు నడుపుతుంటే మరొకరు నీటి మీదే కళ్ళు పెట్టాలి. దూరంగా నీటి అంచున ఉప్పు పోసినట్టో, లేత గులాబీ గుడ్డ ఆరేసినట్టో ఒక గీత కనిపిస్తే అదే గుంపు. అంచుకు వెడల్పున్న చోట బండి పూర్తిగా రోడ్డు దించి ఆపండి. ఉదయం పూట షార్ ఉద్యోగుల బస్సులు వేగంగా వస్తుంటాయి, సగం బండి రోడ్డు మీద ఉంచి దిగడం ప్రమాదం. పిల్లలను ఎప్పుడూ నీటి వైపు తలుపు నుంచే దించండి.

ఆపగానే దిగకండి. ఇంజను ఆర్పి, అద్దాలు దించి, లోపలే ఐదు నిమిషాలు కూర్చోండి. కదలని బండిని పక్షులు అంతగా లెక్కచేయవు. తలుపు ధడాలున వేసినా, నలుగురు ఒక్కసారిగా దిగినా గుంపు మొత్తం మెల్లగా అవతలికి నడుచుకుంటూ వెళ్ళిపోతుంది. ఎగరకపోయినా దూరమవుతుంది. దాన్నే "పక్షులు దూరంగా ఉన్నాయి" అనుకుంటాం, దూరం చేసింది మనమే.

నీరు తగ్గిన చోట గట్టిగా కనిపించే నేల మీదకు దయచేసి అడుగు పెట్టకండి. పైన పొర ఎండి పెళుసుగా ఉంటుంది, కింద బురద. ఒకసారి మాతో వచ్చిన కుర్రాడు ఫోటో కోసం పది అడుగులు లోపలికి వెళ్ళి మోకాళ్ళ దాకా దిగబడ్డాడు. ఇద్దరం తాడు విసిరి లాగాల్సి వచ్చింది. చెప్పు ఆ బురదలోనే ఉండిపోయింది.

ఇంకొకటి, ఇది చెప్పేటప్పుడు నాకు కోపం ఆగదు. ఫోటోలో పక్షులన్నీ ఎగురుతుంటే బాగుంటుందని చప్పట్లు కొట్టేవాళ్ళు, హారన్ మోగించేవాళ్ళు, రాయి విసిరేవాళ్ళు ఉన్నారు. ఆ పక్షి తిండి ఎలా తింటుందో ఒక్కసారి బైనాక్యులర్‌లో చూడండి. కాళ్ళతో బురదను తొక్కి కదిలించి, తల తలకిందులుగా నీటిలో ముంచి, వంకర ముక్కుతో వడగట్టి, కంటికి ఆనని పురుగూ నాచూ ఏరుకుంటుంది. కడుపు నింపుకోవడానికి గంటలు పడుతుంది. దాన్ని లేపేస్తే ఆ కష్టమంతా వృథా. ఎవరైనా అలా చేస్తుంటే మర్యాదగానే అయినా ఆపండి.

వల వేసే జాలరులు నడుములోతు నీళ్ళలో కనిపిస్తారు. వాళ్ళ ఫోటో తీయాలంటే అడిగి తీయండి. ఏ వైపు పక్షులున్నాయో వాళ్ళకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. "అన్నా, గుంపు ఈ పొద్దు యాడుంది?" అంటే చెయ్యి చాపి చూపిస్తారు. మాకు మంచి గుంపులు దొరికింది చాలాసార్లు అలాగే.

5. చూసింది ఫ్లెమింగోనేనా? సరిచూసుకోండి

తెల్లగా పొడుగ్గా ఉన్న ప్రతిదీ ఫ్లెమింగో కాదు. ఫోన్లో తీసిన ఎర్రకాళ్ళ కొంగను చూపించి "ఫ్లెమింగో చూశాం" అని సంబరపడినవాళ్ళు ఎందరో. ఇలా పోల్చుకోండి.

- ముక్కు: మధ్యలో విరిచినట్టు కిందికి వంగి, కొస నల్లగా ఉంటే ఫ్లెమింగో. పొడుగ్గా పసుపు రంగులో ఉండి, తోక దగ్గర మాత్రమే గులాబీ ఈకలుంటే అది ఎర్రకాళ్ళ కొంగ. రెండు దవడల మధ్య సందు కనిపిస్తే నత్తగుల్ల కొంగ. చెంచాలా కొస వెడల్పుగా ఉంటే తెడ్డుమూతి కొంగ. తల మెడ నల్లగా, ముక్కు కొడవలిలా ఉంటే తెల్లకంకణాయి.
- ఎత్తు: ఫ్లెమింగో నిలబడితే నాలుగు అడుగులు ఉంటుంది. పక్కన మామూలు కొంగ ఉంటే తేడా ఇట్టే తెలుస్తుంది.
- ఎగిరినప్పుడు: మెడ ముందుకూ కాళ్ళు వెనక్కూ కర్రలా చాచి, రెక్కల్లో ఎరుపూ నలుపూ మెరిస్తే ఇక అనుమానం లేదు. మామూలు తెల్లకొంగ మెడ ముడుచుకుని ఎగురుతుంది.
- గుంపులో బూడిద రంగువి కనిపిస్తే వేరే జాతి అనుకోకండి, అవి పిల్లలు. తినే తిండి నుంచే వాటికి మెల్లగా రంగు వస్తుంది.

ఫోన్‌తో ఫోటో కావాలంటే జూమ్ చేయకండి, మసకే వస్తుంది. బైనాక్యులర్‌ను బండి కిటికీ మీద టవలు వేసి ఆనించి, దాని ఒక కంటికి ఫోన్ కెమెరాను సరిగ్గా ఆనించి తీయండి. రెండు మూడు ప్రయత్నాల్లో పట్టు దొరుకుతుంది.

6. పడవ ఎక్కాలనుకుంటే

తడ మండలంలోని భీములవారిపాలెం వైపు వెళ్ళాలి. ఇరకం దీవికి పడవలు అక్కడి నుంచే. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే ఎక్కకండి, ఎంత లోతు తక్కువన్నా సరే. గాలి ఎక్కువగా ఉన్న రోజున వద్దు. పడవలో వెళితే ఫ్లెమింగోలకు దగ్గరవుతామని ఆశపడవద్దు, పడవను చూస్తే అవి తప్పుకుంటాయి. నీటి మీద తిరిగిన సంతోషం కోసమైతే ఎక్కండి.

7. నేలపట్టు

తొమ్మిదిన్నర, పదింటికి సరస్సు వదిలి, సూళ్ళూరుపేటలో ఇడ్లీయో పూరీయో తిని, నాయుడుపేట వైపు 20 కిలోమీటర్లు వెనక్కి రండి. దొరవారిసత్రం దగ్గర తిరగాలి. బస్సువాళ్ళు దొరవారిసత్రంలో దిగి ఆటో తీసుకోండి.

ఇక్కడికి వచ్చి ఫ్లెమింగోల కోసం వెతకకండి. మొదట్లో చెప్పిన ఆ ఫోన్ ప్రశ్నకు జవాబు ఇదే. నేలపట్టు గూడబాతుల (పెలికాన్ల) ఊరు. ఫ్లెమింగోలు మన దగ్గరికి తిండికే వస్తాయి, దేశంలో అవి గుడ్లు పెట్టే పెద్ద చోటు గుజరాత్‌లోని కచ్ రణ్. గూడబాతులు మాత్రం నేలపట్టు చెరువులోని కడప అనే రకం చెట్ల మీద పుల్లలతో గూళ్ళు కట్టి, ఇక్కడే పిల్లలను పెంచుతాయి. చేపల కోసం పులికాట్ దాకా పోయి వస్తాయి. మీరు పొద్దున సరస్సు మీద చూసిన గూడబాతే మీకంటే ముందు ఇక్కడికి చేరి పిల్లకు మేత పెడుతుండవచ్చు.

1976లో దీన్ని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. అంతకు ముందు నుంచీ ఊరివాళ్ళే వీటిని కాపాడుకుంటూ వచ్చారు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువని వాళ్ళకు తెలుసు. ఆ ఊరి రైతుతో రెండు మాటలు మాట్లాడి చూడండి, బోర్డుల మీద రాసినదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

టికెట్టు తీసుకుని చెరువు కట్ట మీదుగా నడవండి. కెమెరాకు వేరే రుసుము అడగవచ్చు. వాచ్ టవర్ ఎక్కితే గూళ్ళు కంటికి ఎదురుగా ఉంటాయి. ఒకే గూడు ఎంచుకుని పావుగంట చూడండి. అటూఇటూ తిరిగితే ఏమీ పట్టుబడదు. తల్లి వచ్చి వాలుతుంది, పిల్ల దాని ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చి చేపలు లాక్కుంటుంది. మా అమ్మ అది చూసి "ఎంత ఆకలో బిడ్డకి" అని చాలాసేపు అక్కడి నుంచి కదల్లేదు. గోలంతా పిల్లలదే. పెద్ద గూడబాతులు దాదాపు నోరు విప్పవు.

ఇక్కడి జాగ్రత్తలు రెండే. గూళ్ళ కింద చెట్ల దగ్గరికి వెళ్ళవద్దు. బెదిరి తల్లి లేచిపోతే కాకులు గుడ్లకు కాచుకుని ఉంటాయి. చిప్స్ పొట్లాలు, ప్లాస్టిక్ కవర్లు బయట బండిలోనే వదిలి రండి.

మధ్యాహ్నం ప్లాన్ పెట్టుకున్నవాళ్ళు సరస్సు ముందు చూసేసి, పొద్దుగూకేటప్పుడు ఇక్కడికి రావచ్చా అని అడుగుతారు. కొంగలు, నీటికాకులు గుంపులుగా చెట్లకు చేరే వేళ అది, చూడదగ్గదే. కానీ మూసే వేళ ముందే కనుక్కుని రండి.

8. తిరుగు ప్రయాణం

పన్నెండున్నరకు బయలుదేరితే నాయుడుపేటలో భోజనం. రొయ్యల వేపుడు, పీతల పులుసు తినేవాళ్ళు సరస్సు సరుకేనా అని అడిగి తీసుకోండి. శ్రీకాళహస్తి దారిలోనే ఉంది, ఓపిక ఉంటే సాయంత్రం దర్శనం చేసుకోవచ్చు. నాలుగింటికే లేచిన పిల్లలతో అయితే నేరుగా ఇంటికి రావడమే మంచిది.

ఇక నోటుపుస్తకం. బండిలోనే, మరిచిపోకముందే నాలుగు సంగతులు రాయండి: తేదీ, రోడ్డుకు ఏ వైపు ఎంత నీరుంది, ఎక్కడ ఆగారు, ఏ పక్షులు ఎన్ని. లెక్క సరిగ్గా తెలియకపోతే పదులా, వందలా, వేలా అన్నది రాసినా చాలు. వచ్చే ఏడు తేదీ ఎంచుకునేటప్పుడు మీకు పనికొచ్చేది ఈ పేజీయే. నాకు ఫోన్ చేసినా నేను తెరిచి చూసి చెప్పేది మా పుస్తకంలోని ఆ పేజీలే.